జిరాక్స్ తీసిన తాత

ఉద్యోగ జ్ఞాపకాలు రాసేవాళ్లు మామూలుగా ముప్పై ఏళ్లు పనిచేసి, శాలువా కప్పించుకుని, మోకాళ్లకి నూనె రాసుకుంటూ రాస్తారు. నేను పద్నాలుగు నెలలు పనిచేశాను. శాలువా ఎవరూ కప్పలేదు. కానీ ఆ ఉద్యోగం నుంచి రిటైరయ్యానన్నది మాత్రం నిజం, ఎందుకంటే ఆ మెట్లు మళ్లీ ఎక్కనివ్వరు. నాకిప్పుడు ఇరవై అయిదు. మీలో ఎవరైనా చేతిలో డిగ్రీ, నోట్లో ఇంగ్లీషు పెట్టుకుని కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పడానికి బయల్దేరుతుంటే వెళ్లేముందు ఇది చదవండి. ఇందులో సలహాల్లేవు. నేను చేసిన తప్పొకటి ఉంది.

మా సెంటర్ కలకత్తాలో ఒక మిఠాయి దుకాణం పైన రెండు గదులు. విదేశీ ఉద్యోగాలకీ చదువులకీ ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష ఒకటుంటుంది. పరీక్షించేవాళ్లు ఎదురుగా కూర్చుని పదిహేను నిమిషాలు మాట్లాడించి, తొమ్మిదికి మార్కు వేస్తారు. ఆ పరీక్షకి జనాన్ని తయారుచేయడం మా పని. ప్రశ్నలు కొన్ని నెలలపాటు అవే తిరుగుతుంటాయి. రాసొచ్చినవాళ్లని మా ఓనర్ దాదా (బెంగాలీలో దాదా అంటే అన్న, దిది అంటే అక్క) టీ ఇచ్చి కూర్చోబెట్టి, ఏం అడిగారో రాబట్టేవాడు. ఆ జాబితాకి మేం సమాధానాలు రాసి, జిరాక్స్ తీయించి, బట్టీ పట్టించేవాళ్లం. ఇదంతా ఎంత గొప్ప పద్ధతో అని నేనూ అనుకునేదాన్ని. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు మరి.

నా వాటాకి వచ్చిన అంశాల్లో ఒకటి వాకింగ్. నడవడానికి వెళ్తారా, ఎక్కడ నడుస్తారు, ఒంటరిగానా, ఎవరితోనైనానా. నేను దక్షిణ కలకత్తాలో పెరిగిన తెలుగు పిల్లని. మా తాత రోజూ సరస్సు చుట్టూ నడిచేవాడు, నన్ను వెంటేసుకుని. నవంబరు రాకముందే మంకీ టోపీ పెట్టేవాడు, జేబులో వీధికుక్కల కోసం బిస్కెట్లు ఉంచుకునేవాడు. అదంతా రాసేశాను. చివర్లో ప్రశాంతత, పునరుత్తేజం లాంటి పెద్ద ఇంగ్లీషు మాటలు నాలుగు గుచ్చాను. ఓనర్ దాదా చదివి, ఇది ఏడు మార్కుల సమాధానం అన్నాడు. తాత పోయి అప్పటికి రెండేళ్లు. నాకెంత గర్వమేసిందో. తాతని నేనే జిరాక్స్ తీయించాను, నలభై కాపీలు.

ఆ బ్యాచ్‌లో పదకొండు మంది. అందరికన్నా పెద్దాయనకి నలభై మూడేళ్లు, ఓడలో వంటవాడు. ఓడరేవు పక్కన మెటియాబ్రుజ్‌లో ఇల్లు. వాళ్ల నాన్న సిక్కోలు దగ్గర సముద్రపు ఒడ్డు నుంచి రేవులో బస్తాలు మొయ్యడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. ఈయన పద్దెనిమిదేళ్లు దేశం చుట్టూ తిరిగే సరుకు ఓడల్లో వండాడు. ఆయన ఓడని తుక్కు కింద విరగ్గొట్టేశారు. ఏడాదిగా ఒడ్డున ఉన్నాడు. విదేశాలకి పోయే ఓడొకటి ఆయన్ని వంటకి తీసుకుంటానంది, ఈ పరీక్షలో అయిదున్నర వస్తేనే. ఎక్కేవాళ్ల జాబితా మూసేలోగా రెండు పరీక్ష తేదీలున్నాయి. అంటే రెండే అవకాశాలు. ఆ తర్వాత ఆ చోటు ఇంకొకరిది.

మొదటి క్లాసులోనే నాకు తిక్క రేగింది. వాకింగ్‌కి వెళ్లడం ఇష్టమా అని ఇంగ్లీషులో అడిగాను. ఆయన లేచి నిలబడి, చేతులు కట్టుకుని, చాలా మర్యాదగా చెప్పాడు:

"నో మేడమ్. ఐ హావ్ నో షుగర్."

క్లాసులో సగం మందికి ఎందుకు నవ్వాలో తెలియలేదు, మిగతా సగం నవ్వి చచ్చారు. నాకు మాత్రం ఒక్క క్షణంలో అర్థమైంది, ఎందుకంటే మా ఇంట్లోనూ అంతే. మన ఇళ్లలో వాకింగ్ అనేది మందు పేరు. డాక్టరు షుగరుందని చెప్పిన మర్నాడు మొదలవుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిని వాకింగ్ చేస్తారా అని అడిగితే నీకేదైనా రోగముందా అని అడిగినట్టే. అర్థమయ్యాక నవ్వి ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. పరీక్షలో ఇలా అంటే నేరుగా ఇంటికి పంపుతారని, కాగితంలో ఉన్నది తప్ప ఒక్క మాట మాట్లాడొద్దని అరిచాను. మా అమ్మ నాది నూనెలో ఆవగింజ స్వభావమంటుంది. వేడి తగలగానే చిటపట.

ఆయన బట్టీ పట్టాడు. వంట పద్ధతి నేర్చుకున్నట్టు, ఏది ముందు, ఏది వెనక, మూడు రోజుల్లో మొత్తం. నా ఫోన్ ఎప్పుడూ నా చేతిలోనే ఉంటుంది, క్లాసులో కూడా ఒక చేత్తో మెసేజీలు కొడుతూనే ఉండేదాన్ని. అందులో రికార్డింగు సదుపాయం ఉంది. అందరి సమాధానాలూ రికార్డు చేసి వినిపించేదాన్ని. ఆయనది వినిపించినప్పుడు తల వంచుకుని చివరిదాకా విన్నాడు. తర్వాత తెలుగులో, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు:

"ఎవురమ్మా ఈడు? నా గొంతేసుకుని ఎవురి తాత గురించో సెప్తన్నాడు."

మరో మాట కూడా అడిగాడు. ఓడలో రాత్రి భోజనాలయ్యాక తను డెక్కు మీద నడుస్తాడట, ఆ సంగతి చెప్పొచ్చా అని. నేను ఒద్దన్నాను. అందులో మార్కులొచ్చే మాటల్లేవన్నాను. ఆయన ఇంకేదో చెప్పబోతుంటే ఫోన్ మోగింది, ఎత్తుకుని బయటికి వెళ్లిపోయాను. ఆ ఫోన్ ఎవరిదో ఇప్పుడు గుర్తులేదు. ఆయన చెప్పబోయింది మాత్రం నెలన్నర తర్వాత గానీ నాకు వినపడలేదు.

పరీక్ష రోజు ఒక హోటల్ హాల్లో. అభ్యర్థుల ఫోన్లు గేటు దగ్గరే తీసుకుని సంచుల్లో వేస్తారు. నేను ఎదుటి టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. మా బ్యాచ్‌లో మొదట బయటికొచ్చిన నర్సమ్మాయి రోడ్డు దాటుతూనే చేతులూపింది: దిది, వాకింగే వచ్చింది, అంతా చెప్పేశాను. నేను ఎగిరి గంతేశాను. రెండో అతనూ వాకింగే అన్నాడు. మళ్లీ సంతోషించాను. మూడో అమ్మాయి కూడా వాకింగే అన్నప్పుడు టీ గ్లాసు పక్కన పెట్టాను. పరీక్షించేది ఒక్కరేనా అని అడిగాను. మా వాళ్లలో ఎక్కువమందికి ఒకావిడేనట, తెల్లజుట్టు, కళ్లజోడుకి గొలుసు. ఆ అమ్మాయి అమాయకంగా చెప్పింది: నేను మంకీ టోపీ అనగానే ఆవిడ పెన్ను కింద పెట్టేసింది దిది.

అప్పుడు తట్టింది నాకు. ఒకే ఉదయం, ఒకే గదిలో, ఒకే మంకీ టోపీ తాత, జేబులో అవే బిస్కెట్లు. ఇంకా బయటికి రాని మా ఓడ వంటాయనకి ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది. సంచిలో మోగుతోందని తెలుసు, అయినా చేస్తూనే ఉన్నాను. పదిసార్లు చేసుంటాను. ఫోన్ చేతిలో ఉంటే ప్రపంచమంతా చేతిలో ఉన్నట్టే అనుకునేదాన్ని.

ఆయన మధ్యాహ్నం దాటాక వచ్చాడు. వచ్చి, టీ తీసుకుని, బల్ల మీద కూర్చుని చెప్పాడు. తాత మాట ఎత్తగానే ఆవిడ నవ్విందట. ఈ మంకీ టోపీ పెద్దాయన్ని పొద్దుట్నించీ కలుస్తూనే ఉన్నాను, ఈయనకి ఎంతమంది మనవలు అని అడిగిందట.

"మరేమన్నారు?" అన్నాను.

"బిగ్ ఫామిలీ మేడమ్ అన్నాను."

నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఆవిడ అక్కడితో వదల్లేదట. సరే, మీ తాతగారు ఏం పని చేసేవారు అని అడిగిందట. అది కాగితంలో లేదు. ఆయన నోరు మూతపడిపోయింది. తర్వాత ఏం అడిగినా తెరుచుకోలేదు.

నాకు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. కాగితం బట్టీ పట్టించారని ఆవిడతో చెప్పేయొచ్చు కదా, కనీసం ఇంకో ప్రశ్న అడిగేదేమో అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

"మా మేడమ్ రాసిచ్చిందని సెప్పీమంతావేటి? నీ ఉద్దోగం పోదేటమ్మా?"

ఆయన గ్లాసు ఖాళీ చేసి, ఇంతకీ మీ తాత ఏం పని చేసేవారని అడిగాడు. తంతి ఆఫీసులో గుమాస్తా అని చెప్పాను. ఆయన తలూపి, మంచి ఉద్యోగమన్నాడు. లోపల తాత కూడా వంటవాడేనని చెబుదామనుకుని ఆగిపోయాడట, మేడమ్ గారి తాతకి గరిటె ఇవ్వడం బాగుండదని.

ఫలితాల్లో ఆయనకి నాలుగు. వాకింగ్ వచ్చిన ఆరుగురిలో ఒక్కరికీ కావలసినంత రాలేదు. మీటింగు పెట్టారు. నేను ఆ జిరాక్సులన్నీ చించేద్దామని చెప్పడానికి సిద్ధమై వెళ్లాను. ఓనర్ దాదా నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టుంటే నేనూ తిట్టి తేలికపడేదాన్ని. అతను చాలా శాంతంగా, ఒక్కో అంశానికి మూడేసి సమాధానాలు రాయమన్నాడు. ఒకళ్లకి తాత, ఒకళ్లకి పిన్ని, ఒకళ్లకి కుక్క. అలా పంచితే ఎవరూ పట్టుకోలేరన్నాడు.

నేను ఏమన్నానో ఇక్కడ రాయను. మార్కర్ పెన్ను గోడకి తగిలి ఓనర్ దాదా చొక్కా మీద పడిందని మాత్రం ఒప్పుకుంటాను. రేపట్నించి రానక్కర్లేదన్నాడు. రేపటిదాకా ఎందుకని ఆ నిమిషమే దిగొచ్చేశాను. కింద మిఠాయి దుకాణం ముందు నిలబడ్డాక కోపం దిగింది. మిగిలిందల్లా ఒకటే. ఆ కాగితం ఓనర్ దాదా రాయలేదు. నేను రాశాను.

ఆ ఆదివారం మెటియాబ్రుజ్ వెళ్లాను. ఆయన ఇల్లు కుట్టు మిషన్ల సందులో. రెండో తేదీకి ఇంకా నెలరోజులుంది. ఆయన భార్య తలుపు తీసింది. నేనెవరో చెప్పగానే నన్ను కూర్చోబెట్టి, ఆయన వైపు చూపించి అంది:

"ఇంట్లో ఈ నోరు మూయించలేక సస్తన్నాను. అక్కడికెళ్లి మూగోడయిపోనాడంటే నమ్మమంతావా తల్లీ?"

నేను క్షమాపణ సరిగ్గా చెప్పలేకపోయాను. అలవాటు లేదు. జిరాక్సులు తీసుకురాలేదని మాత్రం చెప్పాను. కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నలడిగాను. గంటసేపు. ఆయన చొక్కా తడిసిపోయింది గానీ నాలుగు వాక్యాలు రాలేదు. బట్టీ పట్టిన తాత ప్రతి ప్రశ్నలోకీ దూరిపోతున్నాడు. ఇష్టమైన రంగేదంటే కూడా టోపీ రంగు చెప్పాడు. ఇద్దరం విసిగిపోయాం. వెళ్తానన్నాను. బస్టాపు దాకా దిగబెడతానని లేచాడు.

సందు దాటి పెద్ద రోడ్డు ఎక్కాక, ఏదో మాట్లాడాలి కాబట్టి, డెక్కు మీద నడక గురించి ఆ రోజు ఏదో చెప్పబోయారు కదా అన్నాను. ఇంగ్లీషులోనే అన్నాను, పొరపాటున, అలవాటుగా. ఆయన నడుస్తూ ఇంగ్లీషులోనే చెప్పాడు. రాత్రి గిన్నెలు కడిగాక డెక్కు మీద నడుస్తానన్నాడు. మనుషులు ఎదురొస్తారన్నాడు. ఎవడు అన్నం తినలేదో, ఎవడు కంచం నిండా వదిలేశాడో వాడి మొహం చూస్తానన్నాడు. ఇంటి నుంచి ఏదో కబురొచ్చి ఉంటుంది, మర్నాడు వాడి ఊరి కూర వండుతానన్నాడు. నడవకపోతే రేపేం వండాలో నాకు తెలియదు అన్నాడు.

అన్నీ చిన్న చిన్న ముక్కలు. క్రియలు సగం తప్పు. నేను గుచ్చిన పెద్ద మాటల్లో ఒక్కటి కూడా లేదు. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. మేం ఇంకో స్టాపు దాకా నడిచాం. పద్దెనిమిదేళ్లుగా ఆ మనిషి నడుస్తూ ఆలోచించాడు. నేను ఆయన్ని కుర్చీకి కట్టేసి ఆలోచించమంటున్నాను.

అక్కడితో క్లాసు రోడ్డు మీదికి వచ్చింది, ఆయన నాకు బాబాయ్ అయ్యాడు. ఆదివారాలు, బుధవారాలు, ఆయన ఇంటి నుంచి నది దాటించే పడవల రేవు దాకా. వాకింగ్ వచ్చి తప్పినవాళ్లకి కూడా ఫోన్ చేశాను. ముందు ఇద్దరు, తర్వాత అందరూ వచ్చారు. నియమం ఒక్కటే: నడిచినంతసేపూ ఇంగ్లీషు, మాట దొరక్కపోతే ఆగిపోవాలి, దొరికేదాకా అందరూ ఆగాలి. నర్సమ్మాయి ఒకసారి 'తుమ్ము'కి ఇంగ్లీషు దొరక్క సైకిల్ రిక్షాల మధ్యలో ఆగిపోయింది. వెనక హారన్లు, బెంగాలీలో తిట్లు. చివరికి నిజంగానే తుమ్మి చూపించింది. ఒక రిక్షా అతనే మాట అందించాడు.

నేను ఫోన్ ముందుకి చాచి పట్టుకుని అందరినీ రికార్డు చేసేదాన్ని. రెండో వారం ఇంటికెళ్లి తీరిగ్గా విన్నాను. పన్నెండు నిమిషాల్లో తొమ్మిది నిమిషాలు నా గొంతే. ఆయన ఒక వాక్యం మొదలెడితే నేను సరిదిద్దుతున్నాను, సరిదిద్దింది వివరిస్తున్నాను, వివరించింది ఎందుకు అర్థం కాలేదని విసుక్కుంటున్నాను. ఆయన వాక్యం రోడ్డు మీదే పడి ఉంది. నాకు ఫోన్ విసిరికొట్టాలనిపించింది, ఫోన్ ఖరీదు గుర్తొచ్చి ఆగాను. తర్వాతి క్లాసు నుంచి నోరు కట్టుకుని నడిచాను. కోపిష్టి మనిషికి మాట్లాడకుండా రెండు కిలోమీటర్లు నడవడం ఎంత కష్టమో చేసి చూడండి. పాఠాలు చెప్పబోతున్న మీకు నేనివ్వగలిగిన శిక్షణ అదొక్కటే.

రెండో పరీక్షకి నేను వెళ్లలేదు. ఆయనే ఒద్దన్నాడు. మేడమ్ బయట నిలబడితే తను లోపల చేతులు కట్టుకుని నిలబడ్డట్టుంటుందట. సాయంత్రం ఫోన్ చేశాడు. ఈసారి వాకింగ్ ఊసే లేదు, అద్దాల గురించి అడిగారట. రోజులో ఎన్నిసార్లు అద్దం చూసుకుంటారు అని. అద్దాల మీద మేం ఒక్క మాటా అనుకోలేదు.

"ఏం చెప్పారు బాబాయ్?"

"గ్యాలీలో, అదేనమ్మా ఓడ వంటింట్లో, అద్దం నేదని సెప్పేను. స్టీలు గిన్నెలో సూసుకుంతాం, అందులో అందరి మొకాలూ బూరెల్లాగుంతాయని సెప్పేను. ఆయన నవ్వేడమ్మా. మరింక నాను ఆగనేదు. టైమయిపోయిందని ఆయనే ఆపేడు."

రెండు వారాలకి ఫలితం వచ్చింది. ఆరు. కావలసినదానికంటే అర మార్కు ఎక్కువ. జాబితాలో ఆయన పేరు ఉండిపోయింది. పదిరోజుల్లో ఓడెక్కాలి. మిగతావాళ్లలో ఇద్దరికి వచ్చింది, ముగ్గురు మళ్లీ రాస్తామన్నారు. ఆ ముగ్గురి కోసం నడక ఆపలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఆయనకి రావలసిన అవసరమే లేదు, సామాన్లు సర్దుకోవాలి. అయినా వచ్చాడు, భార్యని కూడా తెచ్చాడు. అప్పటికి సందులోని దర్జీల పిల్లలు, వాళ్ల స్నేహితులు కలిసి మేం పంతొమ్మిది మందిమి అయ్యాం. ఎన్నికలు దగ్గరపడుతున్న రోజులు. గోడల నిండా రాతలు, రోజుకో ఊరేగింపు. మేం ముగ్గురేసి చొప్పున వరసగా, ఒకళ్ల మాటలు ఒకళ్లకి వినపడాలని గట్టిగా అరుచుకుంటూ నడుస్తున్నాం. నేను ముందు చెయ్యెత్తి ఫోన్ పట్టుకుని ఉన్నాను. కూడలి దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ మమ్మల్ని చూసి, అటూ ఇటూ బస్సులు ఆపేసి, దారి ఇచ్చి, దగ్గరికొచ్చి బెంగాలీలో అడిగాడు, ఇది ఏ పార్టీ ఊరేగింపు, పర్మిషన్ కాగితం ఏదీ అని.

అందరూ నా వైపు చూశారు. నేను నోరు తెరిచాను. ఆ రోజుల్లో నేను నోరు తెరిస్తే ఏమయ్యేదో నాకు తెలుసు. బాబాయ్ నా కన్నా ముందు ఒక అడుగేసి, చేతులు కట్టుకోకుండా, కానిస్టేబుల్ మొహంలోకి చూస్తూ ఇంగ్లీషులో చెప్పాడు:

"నో పార్టీ, దాదా. వుయ్ ఆర్ గోయింగ్ ఫర్ ఎ వాక్."

కానిస్టేబుల్ పంతొమ్మిది మందినీ ఒకసారి చూశాడు. ఆగిపోయిన రెండు బస్సుల్నీ చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"దెన్ వాక్ ఆన్ ది ఫుట్‌పాత్" అన్నాడు, ఇంగ్లీషులోనే.

ఫుట్‌పాత్ నిండా బట్టల మూటలున్నాయి. అయినా ఎక్కాం.